గుడ్లగూబ చెవులు, గ్రద్ద రక్తంలో సీసము

మినెసోటాలో పిల్లలున్న తల్లిదండ్రులు సాధారణంగా వేసవిలో అక్కడకు వెళ్తారు. శీతాకాలమంటే భయపడతారు, ఆ భయం న్యాయమైనదే. కాని ఉత్తరపు గుడ్లగూబలను చూడాలంటే జనవరి, ఫిబ్రవరి నెలలే తగినవి. డులూత్ నగరానికి వాయవ్య దిశలో ఒక గంట ప్రయాణం చేస్తే సాక్స్-జిమ్ బాగ్ అనే చిత్తడి అరణ్యం వస్తుంది. సాక్స్, జిమ్ అక్కడి రెండు చిన్న ఊళ్ళ పేర్లు. విస్తీర్ణం సుమారు 300 చదరపు మైళ్ళు. నల్ల స్ప్రూస్, టామరాక్ వృక్షాలు, నాచు కుళ్ళీ కుళ్ళక పొరలుగా పేరుకొన్న మెత్తని నేల, నడుమ నడుమ గడ్డిబయళ్ళు. గత శతాబ్దపు తొలి దశాబ్దాలలో కాలువలు త్రవ్వి, నీరు తీసి సేద్యం చేయాలని చూశారు. నేల లొంగలేదు. పక్షులకు మిగిలింది.

చలి సున్నాకు దిగువ ముప్పది డిగ్రీల సెల్సియస్ వరకు పోతుంది. చలికి చర్మంలోని రక్తనాళాలు సంకోచించి రక్తపుపోటు పెరుగుతుంది, గుండెపై భారం హెచ్చుతుంది. హృద్ధమనుల వ్యాధి ఉన్నవారు కారు దిగకుండా చూడటం మేలు. గుడ్లగూబ కూడా నడచివచ్చే మనిషిని చూసి బెదిరినంతగా ఆగియున్న కారును చూసి బెదరదు.

నేను అక్కడ చూసిన పెద్ద బూడిదరంగు గుడ్లగూబ రెండడుగుల పైబడిన ఎత్తుతో, పసిబిడ్డను శాలువలో చుట్టి కొమ్మపై కూర్చోబెట్టినట్లుంది. ఆ ఆకారమంతా ఈకలే. బరువు సుమారు ఒక కిలో. అది నేలవైపు ముఖం వంచి చాలాసేపు కదలలేదు. చూడటం లేదు, వింటున్నది. మంచు క్రింద సొరంగాలలో తిరిగే వోల్ అనే పొట్టితోక ఎలుకల అలికిడిని అది రెండడుగుల మంచులోనుండి కూడా పట్టగలదు. గుండ్రని ముఖం మీది ఈకల వలయం శబ్దాన్ని చెవులకు చేర్చే పళ్ళెం. రెండు చెవిరంధ్రాలు ఒకే ఎత్తులో ఉండవు. శబ్దం ఏ చెవికి ముందు చేరిందో దానిని బట్టి కుడియెడమలు, ఏ చెవిలో బిగ్గరగా ఉందో దానిని బట్టి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. 1978లో నుడ్సెన్, కొనిషి అనే శాస్త్రజ్ఞులు బార్న్ ఔల్ అనే మరొక జాతి గుడ్లగూబ మెదడులో ఈ శబ్దదిశలకు ఒక పటమే ఉన్నదని చూపించారు. చెవి ముక్కు గొంతు వైద్యులకు ఈ పక్షి ఒక పాఠ్యగ్రంథం.

మెడ సంగతి ఇంకా వింత. గుడ్లగూబ కన్ను గొట్టం వంటిది, గుంటలో తిరగదు. అందుచేత మెడే తిరుగుతుంది, 270 డిగ్రీల వరకు. మనకు మెడలో ఏడు వెన్నుపూసలు, దానికి పదునాలుగు. మనిషి మెడను విసురుగా మెలిపెడితే వెన్నుపూసల గుండా పోయే ధమని చీలి, మెదడులో కొంతభాగానికి రక్తం అందక పక్షవాతం రావచ్చు. ఈ పక్షిలో ఆ ధమని సాగే రంధ్రం ధమని కంటె పదిరెట్లు వెడల్పుగా ఉండి చాలా వెసులుబాటునిస్తుందని 2013లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపారు. మంగలి దుకాణాలలో మెడ విరిపించుకొనేవారు ఇది గమనించాలి.

తిరుగు దారిలో, వాహనం తగిలి చచ్చిన దుప్పి దగ్గర తెల్లతల గ్రద్ద ఒకటి కనిపించింది. అమెరికా జాతీయచిహ్నమైన ఈ పక్షి ఒకప్పుడు డి.డి.టి. వలన గ్రుడ్ల పెంకులు పలుచబడి అంతరించే దశకు వచ్చింది. 1972లో డి.డి.టి.ని నిషేధించాక కోలుకొని, 2007లో ప్రమాదస్థ జాతుల పట్టిక నుండి బయటపడింది. ఇప్పుడు దానికి వచ్చిన ఆపద సీసము. వేటగాళ్ళు దుప్పిని సీసపు తూటాతో కొట్టినప్పుడు తూటా సన్నని తునకలై మాంసంలో చెదరుతుంది. వారు అడవిలో వదలిపోయే ప్రేగులను గ్రద్ద తింటుంది. దాని జఠరామ్లం గాఢమైనది; సీసం కరిగి రక్తంలో కలుస్తుంది. బియ్యపుగింజంత తునక చాలు. రెక్కలు వ్రేలాడతాయి, కాళ్ళు నిలువవు, చూపు పోతుంది. మినెసోటా విశ్వవిద్యాలయంలో 1974లో మొదలైన రాప్టర్ సెంటర్‌కు ఇటువంటి గ్రద్దలు ఏటా వస్తాయి. అక్కడ వాటికిచ్చే కాల్షియం ఇ.డి.టి.ఎ., సీసపు విషం సోకిన పిల్లలకు మనమిచ్చే మందే. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్ళను అమెరికా 1991లోనే నిషేధించింది. దుప్పుల వేటలో దేశమంతటికీ వర్తించే నిషేధం లేదు. రాగి తూటాలు దొరుకుతున్నా ఇంకా సీసమే వాడేవారు ఎందరో. నాకిది విచారకరమే కాదు, అసంగతం కూడా.

రెండవ విషం కథ పొరుగున ఉన్న విస్కాన్సిన్‌లో మొదలయింది. 1933 ఫిబ్రవరిలో ఒక రైతు మంచుతుఫానులో, చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తంతో నిండిన పాలక్యానును తీసుకొని మాడిసన్‌లోని విశ్వవిద్యాలయానికి వచ్చాడు. పశువులు బూజుపట్టిన క్లోవర్ గడ్డి తిని రక్తస్రావంతో చనిపోతున్నాయి. ఆ గడ్డిలోని విషపదార్థాన్ని కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాల వేరుచేసింది. దాని వంశంలో పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా, 1954లో మనుషులకు ఔషధంగా వచ్చింది. నా రోగులలో ఎందరికో ఆ మాత్ర ప్రాణం నిలిపింది. తరువాత వచ్చిన బ్రొమాడియొలోన్, బ్రొడిఫాకూమ్ అదే పని చేస్తాయి కాని ఎన్నో రెట్లు బలమైనవి. కాలేయంలో నెలల తరబడి నిలుస్తాయి. తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది, గుడ్లగూబకు సులభంగా చిక్కుతుంది.

బ్రొమాడియొలోన్ మన వరిచేలలోనూ వాడుకలో ఉన్నదే. ఎలుకలు తినే పక్షుల కోసం చేలో పక్షిస్థావరాలు పాతి, అదే చేలో ఈ మందు పెడితే పిలిచి విషం పెట్టినట్లే. మందు తప్పనిసరైతే చచ్చిన ఎలుకలను ప్రతి ఉదయం ఏరి లోతుగా పూడ్చండి. ఇంట్లో పిల్లలు ఈ ఎర మింగితే మొదటి రెండు రోజులు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. బాగానే ఉన్నాడని ఊరుకోకుండా మందు పొట్లంతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. రక్తం గడ్డకట్టే కాలాన్ని 48 గంటల తరువాత మరల పరీక్షించాలి. అది పెరిగితే విటమిన్ కె వారాల తరబడి ఇవ్వవలసి రావచ్చు.