ఇంటిల్లిపాదితో బస్తర్ యాత్ర

విశాఖపట్నంలో కాపురముంటున్నవారికి సముద్రం నిత్యదృశ్యం. సెలవులకు మరో సముద్రతీరానికే వెళదామని ఒకరు, అంతదూరం పోయి మళ్లీ అలలేనా అని మరొకరు వాదించుకుంటున్న సమయంలో మా ఇంట్లో బస్తర్ పేరు మొదట పలికినది మా అమ్మ. దంతేశ్వరీ దేవిని ఒక్కసారి దర్శించాలన్నది ఆమె చిరకాల వాంఛ. అందరమూ పటం ముందు చేరాము. భారతదేశపు నయాగరాగా పేరుపొందిన చిత్రకోట్ జలపాతాన్ని నిండు ఉరవడిలో చూడాలని అబ్బాయి, గుడ్డి చేపలుండే కుటుంసర్ గుహలోకి దిగాలని అమ్మాయి, డెబ్బై అయిదు రోజులపాటు సాగే దసరా చూడాలని నా భార్య పట్టుబట్టారు. నాలుగు కోరికలూ జగదల్‌పూర్ పట్టణంలో బస చేసి తీర్చుకోదగినవే. ఉత్సాహంగా కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. అరగంటలోనే తెలిసివచ్చింది. ఈ నాలుగూ ఒకే నెలలో ఇమడవు.

బస్తర్‌కు వెళ్లదలచినవారు సాధారణంగా చేసే పొరపాటు ఇదే. చూడవలసిన స్థలాల పట్టికను ముందు రాసుకుని, ఉన్న సెలవులను దానికి అతికిస్తారు. అక్కడ ముందుగా నిర్ణయించుకోవలసినది నెల.

జగదల్‌పూర్‌కు పడమరగా సుమారు 38 కిలోమీటర్ల దూరాన ఇంద్రావతీ నది గుర్రపులాడం ఆకారపు రాతి అంచు మీదినుంచి దాదాపు 29 మీటర్ల లోతుకు దూకుతుంది. వర్షాకాలంలో ఆ ధార వెడల్పు 300 మీటర్ల వరకు విస్తరిస్తుంది. అప్పుడు నీరు ఎర్రమట్టి రంగులో ఉంటుంది. తుంపర పొగమంచులా లేచి ఒడ్డున నిలబడినవారి బట్టలను తడుపుతుంది. చలికాలం వచ్చేసరికి అదే నది తేటపడి పాయలు పాయలుగా జాలువారుతుంది. పడవవారు సందర్శకులను ధార సమీపం దాకా తీసుకువెళతారు. వేసవిలో ఆ పాయలు సైతం సన్నగిల్లిపోతాయి. ఎగువన ఒడిశా సరిహద్దు సమీపంలో నదిలోని నీరు కొంత జోరా నాలాలోకి మళ్లిపోవడం ఇందుకొక కారణం. ఈ విషయమై రెండు రాష్ట్రాల మధ్య ఏనాటినుంచో వివాదం ఉంది. బడి సెలవులు మే నెలలో వస్తాయి గనుక మేలోనే వెళదామనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. నయాగరా చూపిస్తామని తీసుకువెళ్లి పిల్లలకు ఎండిన బండలు చూపించవలసి రావచ్చు.

ఇక గుహ. జగదల్‌పూర్‌కు దక్షిణాన, 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలో ఉన్న కుటుంసర్ గుహను భూగోళశాస్త్రవేత్త శంకర్ తివారీ పరిశోధించి లోకానికి పరిచయం చేశారు. సున్నపురాయిని నీరు యుగాలపాటు కరిగించగా ఏర్పడిన బిలమది. మన బొర్రా గుహలు చూసినవారు అదే తీరున ఉంటుందని అనుకోవచ్చు గాని, బొర్రా ముఖద్వారం విశాలమైనది, ఇది ఇరుకైనది. ఇనుప మెట్ల మీదుగా, దీపం పట్టుకున్న స్థానిక మార్గదర్శి వెంట దిగాలి. లోపల ఉక్కపోత ఎక్కువ. తరతరాలు చీకటిలో బతికి చూపు కోల్పోయిన చిన్న చేపలు అక్కడి నీటి గుంటలలో ఉన్నాయి. వానాకాలంలో గుహలోకి నీరు చేరుతుంది. అందుచేత వర్షాలు మొదలుకాగానే మూసివేసి, సాధారణంగా నవంబరులో తెరుస్తారు. జలపాతం నిండుగా ఉన్నప్పుడు గుహకు తాళం. గుహ తెరిచేసరికి జలపాతం పలచబడుతుంది. అన్నాచెల్లెళ్ల మధ్య ఇంతకంటే మంచి తగవు ఇంకేం కావాలి!

దసరా సంగతి మరీ చిత్రం. బస్తర్ దసరాలో రావణుడు లేడు, రామలీల లేదు. అది దంతేశ్వరీ దేవి పండుగ. మన లెక్క ప్రకారం ఆషాఢ అమావాస్యనాడు, రథానికి తెచ్చిన మొదటి దుంగను పూజించడంతో మొదలవుతుంది. నిర్ణీత గ్రామాలవారే వచ్చి రథాన్ని చెక్కుతారు. ముళ్ల ఊయల మీద పడుకున్న చిన్న బాలిక దేవత పక్షాన అనుమతి ఇస్తేగాని ఉత్సవం సాగదు. విజయదశమి రాత్రి ఆదివాసులు రథాన్ని ‘దొంగిలించి’ కుమ్‌డాకోట్ అడవికి లాగుకుపోతారు. మరునాడు రాజవంశీకులు అక్కడికి వెళ్లి వారితో కలిసి కొత్తబియ్యపు అన్నం తిని రథాన్ని మరలించుకు వస్తారు. ఇంతటి ఉత్సవాన్ని చూడవలసిందే. అయితే ఆ జనసమ్మర్దంలో డెబ్బై దాటిన వృద్ధురాలిని నడిపించుకుపోయే ధైర్యం నాకు లేకపోయింది.

చివరకు అమ్మ వయస్సే మా నెలను నిర్ణయించింది. ఆమె వానలో తడవకూడదు, ఎండకు తాళలేదు, తొక్కిసలాటను భరించలేదు. డిసెంబరు ఖాయమైంది. అబ్బాయి రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు.

మరొక చిక్కు మిగిలింది. బంధువులు ‘బస్తర్‌కా, పిల్లలతోనా?’ అన్నారు. ఆ భయం ఊహాజనితం కాదు. 2013 మే 25న ఝీరం లోయలో కాంగ్రెస్ నాయకుల వాహనాలపై మావోయిస్టులు జరిపిన దాడిలో మహేంద్ర కర్మ తదితరులు మరణించారు. జగదల్‌పూర్ నుంచి సుక్మాకు పోయే ఆ రహదారి మీదుగానే కాంగేర్ లోయకు చేరుకోవాలి. ఇటీవలి సంవత్సరాలలో హింస బాగా తగ్గింది, యాత్రికుల రాకపోకలు పెరిగాయి. అయినా మేము రెండు నియమాలు పెట్టుకున్నాము: చీకటిపడేలోగా బసకు చేరడం, ప్రధాన రహదారి వదిలి లోపలి ఊళ్లకు పోయేముందు స్థానికులను విచారించడం. ఈ నియమాలు మాకు ఏ సుఖాన్నీ తక్కువ చేయలేదు.

విశాఖ నుంచి రాత్రి బండి కూడా ఉంది గాని పగటి బండి ఎక్కడమే ఉత్తమం. ఉదయం బయలుదేరితే సాయంకాలానికి జగదల్‌పూర్ చేరవచ్చు. 1960ల దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికి వేసిన మార్గమిది. మనుషులు ఎక్కడం తరువాతి సంగతి. తూర్పు కనుమలలో 58 సొరంగాలు ఉన్నాయంటారు. పిల్లలిద్దరూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, అరకు రాకముందే లెక్క తప్పి, తప్పు నీదంటే నీదని పోట్లాడుకున్నారు. వానాకాలంలో ఈ మార్గం మీద కొండచరియలు విరిగిపడుతూ ఉంటాయి. డిసెంబరుకు అనుకూలంగా ఇదొక కారణం.

దంతెవాడ వెళ్లిన రోజు అమ్మది. ఓరుగల్లు 1323లో పతనమైన తరువాత కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని ఇక్కడి సంప్రదాయం. దేవి అతని వెనుక నడిచిందట. వెనుదిరిగి చూడకూడదన్నది నియమం. శంఖినీ, డంకినీ నదుల సంగమం వద్ద అందెలు ఇసుకలో కూరుకుని సవ్వడి ఆగిపోగా, రాజు వెనుదిరిగాడు. దేవి అక్కడే నిలిచిపోయింది. ఈ కథను అమ్మ ఆ సంగమం ఒడ్డునే కూర్చుని పిల్లలకు చెప్పింది. గర్భగుడిలోకి పురుషులు ధోవతితోనే వెళ్లాలి. ప్యాంటు మీద వచ్చిన మా అబ్బాయికి ధోవతి కట్టడంలో పూజ కంటే ఎక్కువ సమయం పట్టింది.

కాంగేర్ లోయలో అమ్మను గుహ బయట గుగ్గిలపు చెట్ల నీడన కూర్చోబెట్టి మేము దిగాము. చేపలు చాలాసేపటికి గాని కనిపించలేదు. కనిపించినప్పుడు అమ్మాయి గొంతు తగ్గించి, ‘వీటికి దీపం తెలుస్తుందా?’ అని మార్గదర్శిని అడిగింది. అదే లోయలోని తీరథ్‌గఢ్ జలపాతం అంచెలంచెలుగా దిగే తెల్లని ధార. మెట్లు చాలా ఉన్నాయి గనుక పెద్దవారు పైనుంచి చూడడమే మేలు. వారపు సంతలో ఇప్పపువ్వు, చింతపండు, ఎర్రచీమల పచ్చడి చూశాము. అక్కడ అడగకుండా మనుషుల ఛాయాచిత్రాలు తీసే యాత్రికులను చూసి సిగ్గుపడ్డాను. సంత వారి బజారు. మనకోసం ఏర్పాటు చేసిన ప్రదర్శన కాదు.

చిత్రకోట్‌ను చివరి రోజుకు ఉంచాము. నది తేటగా, నాలుగైదు పాయలుగా దూకుతున్నది. పడవలో ధార దగ్గరికి పోయాక అబ్బాయి ‘ఇంతేనా?’ అన్నాడు. పడవతను మాట్లాడకుండా తెడ్డు ఎత్తి ఆ కొసనుంచి ఈ కొసదాకా రాతిగోడను చూపించాడు. వానాకాలంలో నీరు కప్పేది ఆ గోడనంతటినీ అని గ్రహించి అబ్బాయి చాలాసేపు తల పైకెత్తి చూస్తూ ఉండిపోయాడు.

తిరుగు ప్రయాణానికి ముందు జగదల్‌పూర్ బజారులో కొత్త సంవత్సరపు క్యాలెండరు కొన్నాము. రైలులో అబ్బాయి ఆగస్టు పుట తిప్పి గుర్తు పెట్టుకున్నాడు. నా భార్య క్యాలెండరు అందుకుని, దసరా ఎప్పుడు వచ్చిందో చూడసాగింది.