కుడి గీత పక్కన గరించా

ఫుట్‌బాల్‌లో వింగర్ వాటాకు వచ్చేది మైదానం అంచు. ఒక పక్క సున్నపు గీత, ఇంకో పక్క అతన్ని ఆపడానికే నిలబెట్టిన డిఫెండర్. గీత దాటిందా, బంతి ఎదుటి జట్టుది. మిగిలిన ఆ కాస్త జాగాలోంచే దూసుకుపోయి గోల్ ముందున్న తోటివాళ్లకు బంతి అందించాలి. గోల్ కొట్టినవాడి పేరు రికార్డుకెక్కుతుంది, బంతి తెచ్చి పెట్టినవాడిది చాలాసార్లు ఎక్కదు. బ్రెజిల్ రైట్ వింగర్ గరించాకు ఈ లెక్క చేసినంత అన్యాయం మరొకరికి చేయలేదు. 1958, 1962 ప్రపంచ కప్పుల మాట రాగానే పెలే పేరుతో మొదలుపెట్టి పెలే పేరుతోనే ముగించే అలవాటు ఇంకా పోలేదు.

అతని అసలు పేరు మనోయెల్ ఫ్రాన్సిస్కో డోస్ శాంటోస్. 1933 అక్టోబరు 28న రియో డి జనీరో రాష్ట్రంలోని పావు గ్రాండి అనే మిల్లు ఊళ్లో పుట్టాడు. గరించా అంటే చిన్న గోధుమరంగు పిట్ట. ఆ పేరు పెట్టింది అక్క. కుడి కాలు లోపలికి, ఎడమ కాలు బయటికి వంగి ఉండేవి. పైగా ఎడమ కాలు 6 సెంటీమీటర్లు పొట్టి. పద్నాలుగో ఏట బట్టల మిల్లులో పనికి చేరాడు. పనిలో శ్రద్ధ లేకపోయినా మిల్లు జట్టుకు అతను కావాలి కాబట్టి ఉద్యోగం నిలిచింది.

1953లో రియోలోని బొటఫోగో క్లబ్ అతన్ని పరీక్షించి చూసింది. ఎదురుగా నిలబెట్టింది జాతీయ జట్టు లెఫ్ట్ బ్యాక్ నిల్టన్ శాంటోస్‌ను. కుర్రాడు ఆయన్నే బోల్తా కొట్టించాడు. వీణ్ణి వెంటనే తీసుకోండి, ఎదుటి జట్టులో మాత్రం ఉండనివ్వకండి అని నిల్టన్ శాంటోస్ క్లబ్‌కు చెప్పినట్టు ప్రతీతి.

గరించా దగ్గర ఉన్న ఎత్తు దాదాపు ఒక్కటే. బంతిని కాళ్ల ముందు పెట్టుకుని కదలకుండా నిలబడతాడు. ఒళ్లు ఎడమవైపుకు వాలుస్తాడు. డిఫెండర్ అటు కదలగానే కుడివైపు గీత వెంబడి దూసుకుపోతాడు. ఎడమకు వాలడం నటన అని, పోయేది కుడికేనని డిఫెండర్‌కూ తెలుసు, శిక్షకుడికీ తెలుసు, స్టేడియంలో పల్లీలు అమ్మేవాడికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఆపలేకపోయారు. దిక్కు తెలిస్తే సరిపోదు, క్షణం తెలియాలి. కబడ్డీలో కూతకు వచ్చినవాడు ఏ క్షణాన చెయ్యి చాస్తాడో పట్టేవాడికి తెలియనట్టే, ఆ వంకర కాళ్లు ఎప్పుడు ఉరుకుతాయో ఎవరికీ అంతుబట్టేది కాదు. మొదటి రెండడుగుల్లోనే అందుకునే ఆ వేగం మరొకరికి రాలేదు. ఒక్కోసారి డిఫెండర్‌ను దాటేశాక ఆగి, అతను లేచి వచ్చేదాకా చూసి, మళ్లీ దాటేవాడు. 1958 ప్రపంచ కప్పుకు ముందు ఇటలీలో ఫియోరెంటీనా జట్టుపై గోల్‌కీపర్‌ను కూడా దాటాక ఇలాగే ఆగి, తర్వాత గోల్ చేశాడు. దాన్ని బాధ్యత లేని ఆటగా జమకట్టిన పెద్దలున్నారు. అది వాళ్ల పొరపాటు. ఒక్కణ్ణి ఆపడానికి ఇద్దరు ముగ్గురు అంచుకు పరుగెత్తుకొస్తే మైదానం నడుమ ఖాళీ అవుతుంది. బ్రెజిల్ గోల్స్‌లో చాలా భాగం ఆ ఖాళీలోంచే పుట్టాయి.

1958లో స్వీడన్‌లో మొదటి రెండు మ్యాచ్‌లకు అతన్ని బయటే కూర్చోబెట్టారు. మూడోది సోవియట్ యూనియన్‌తో. మొదలైన నిమిషంలోపే గరించా కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలింది. పెలే కొట్టినదీ అలాగే అయింది. మూడో నిమిషంలో తోటి ఆటగాడు వావా గోల్ చేశాడు. ఫైనల్లో స్వీడన్ ముందు గోల్ చేస్తే, బ్రెజిల్ బదులిచ్చిన మొదటి రెండు గోల్స్ వావావే. రెండిటికీ బంతి కుడి అంచు నుంచి తెచ్చింది గరించా.

1962లో చిలీలో పెలే రెండో మ్యాచ్‌లోనే గాయపడి తప్పుకున్నాడు. ఆ కప్పు గరించాది. ఇంగ్లండ్‌పై రెండు గోల్స్, సెమీఫైనల్లో చిలీపై రెండు. పొట్టి వింగర్ అయ్యుండి ఈ నాలుగింటిలో రెండు తలతో చేశాడు. ఇంగ్లండ్ మ్యాచ్ నడుమ ఒక కుక్క మైదానంలోకి వచ్చి గరించాకే చిక్కకుండా తప్పించుకుంది. ఇంగ్లండ్ ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్ నాలుగు కాళ్ల మీద వంగి దాన్ని పట్టాడు. తర్వాత బ్రెజిల్ ఆటగాళ్లు చీటీలు వేసుకుంటే అది గరించాకే వచ్చింది, అతను దాన్ని వెంట తీసుకెళ్లాడు. సెమీఫైనల్లో రిఫరీ బయటికి పంపినా ఫైనల్ ఆడనిచ్చారు. జ్వరంతోనే ఆడాడు. బ్రెజిల్ 3-1తో చెకోస్లొవేకియాను ఓడించింది.

ఆ తర్వాత మోకాలు అరిగింది. వింగర్ బతుకంతా ఆగడంలో, తిరగడంలో, మళ్లీ ఉరకడంలో ఉంటుంది. ఆ బరువంతా మోకాలి మీదే పడుతుంది. పుట్టుకతోనే వంగిన కాళ్లకు అది మరీ భారం. గరించా ఉంటేనే జనం వచ్చేవారు, విదేశీ మ్యాచ్‌లకు డబ్బు వచ్చేది. కాబట్టి విశ్రాంతి ఇవ్వాల్సిన కాలికి సూదిమందు ఇచ్చి ఆడించారు. జీతం ఎంతో రాయని కాగితాల మీద సంతకం పెట్టిన మనిషి అతను. లక్షలమందిని రప్పించిన కాలికి సకాలంలో వైద్యం అందకపోవడం ఫుట్‌బాల్ చరిత్రలో క్షమించరాని విషయం. 1964లో శస్త్రచికిత్స జరిగింది. పాత వేగం తిరిగి రాలేదు.

1966 ప్రపంచ కప్పులో, లివర్‌పూల్‌లో బల్గేరియాపై పెలే, గరించా చెరొక ఫ్రీకిక్ గోల్ చేశారు. ఇద్దరూ కలిసి ఆడిన ఆఖరు మ్యాచ్ అది. ఇద్దరూ కలిసి దిగినప్పుడు బ్రెజిల్ ఒక్కసారీ ఓడలేదు. తర్వాత హంగరీ చేతిలో 3-1తో ఓడింది. దేశం తరఫున గరించా ఆడిన 60 మ్యాచ్‌ల్లో ఓటమి అదొక్కటే, అదే ఆఖరిది కూడా. ఆ కప్పును ఇంగ్లండ్ గెలిచింది, చివరి మ్యాచ్‌ల్లో వింగర్లే లేకుండా. అంచున నిలబడి డిఫెండర్ కోసం ఎదురుచూసే ఆట ఆ తర్వాత చాలా ఏళ్లు వెనకబడింది.

1973 డిసెంబరులో మరాకానా స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్‌కు లక్షా ముప్పై వేలమంది వచ్చారు. అప్పటికే తాగుడు పట్టి పీడిస్తోంది. 1983 జనవరి 20న కాలేయం చెడి రియోలో చనిపోయాడు. వయసు 49. శవపేటికను మరాకానాలో ఉంచి, ఆ తర్వాత అగ్నిమాపక వాహనం మీద పావు గ్రాండికి తీసుకెళ్లారు. దారి పొడవునా జనం నిలబడ్డారు. ఆ ఊరి దగ్గరి శ్మశానంలోనే పూడ్చారు.