కింది షడ్జం

శనివారం భజన నుంచి ఇంటికొచ్చానే గానీ మనసు కుదుటపడలేదు. పదిహేను మందిమి పాడాం. హార్మోనియం, ఢోలక్, మూడు జతల తాళాలు అన్నీ ఉన్నాయి. అందరం పై షడ్జం మీదికే ఎగబాకాం. కింద ఒక్కరూ లేరు. కూర, పచ్చడి, పులుసు వడ్డించి అన్నం మరిచిపోయినట్టుంది ఆ పాట.

భిలాయి ఉక్కు ప్లాంటులో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచీ మన తెలుగువాళ్లు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. షిఫ్టు డ్యూటీలతో పాటు భజనలనూ కాపాడుకున్నారు. అలాంటి పాటకి అడుగు స్వరం లేకపోతే ఎలా? ఇప్పుడు బేస్ అంటే ఊరేగింపులో కిటికీ అద్దాలు అదరగొట్టే డీజే పెట్టెలే అనుకుంటున్నారు. దానికే నాకు కోపం. పాటను మింగేసేది బేస్ కాదు. పాటను మోసేది బేస్.

అందుకే బేస్ యుకులేలే మీద మనసు పడింది. యుకులేలే హవాయిలో పుట్టిన బుల్లి వాద్యం. 1879లో మదీరా దీవి నుంచి ఓడలో వచ్చిన పోర్చుగీసు వడ్రంగుల చేతుల్లో రూపు దిద్దుకుంది. బేస్ గిటారులో మోగే తీగ 34 అంగుళాలుంటే బేస్ యుకులేలేలో ఇరవై చిల్లర. అంత పొట్టి తీగ అంత కింది స్వరం పలకాలంటే బరువుగా, వదులుగా ఉండాలి. అందుకే చాలావాటికి రబ్బరులా మెత్తగా ఉండే లావుపాటి పాలీయురేథేన్ తీగలు వేస్తారు. చాప మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుని వాయించుకోవచ్చు.

నాలుగు తీగలూ కింది నుంచి వరుసగా మూడు, ఆరు, రెండు, అయిదు శ్రుతులు. మా ఆడవాళ్లు పాడేది అయిదు. మెట్టు నొక్కకుండానే అయిదు తీగ మీద షడ్జం, పక్కనే రెండు తీగ మీద పంచమం! మగవాళ్లు రెండు శ్రుతిలో ఎత్తుకుంటే రెండు తీగ షడ్జం, ఆరు తీగ పంచమం. రెండు వేళ్లున్న ఎవరైనా మొదటి రోజే భజనకి ఆసరా ఇవ్వగలరు.

చేయించుకుందామని, ప్లాంటు పాటర్న్ షాపులో చెక్క నమూనాలు చేసి రిటైరైన బాబాయి దగ్గరికి వెళ్లాను.

"పెట్టె ఎంతసేపురా? మెట్ల దగ్గరే ప్రాణం పోతుంది," అన్నాడు. మిగిలిన తీగ పొడవును మెట్టు మెట్టుకీ 17.817తో భాగించుకుంటూ పోవాలి. వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే. "మొదటిది కొనుక్కో. దాని కొలతలు చూసి రెండోది నేను చేసిస్తా."

ఆయన మాటే నాకు నచ్చింది. కొనేవాళ్లు బ్రిడ్జి కింద పికప్ ఉందో లేదో చూసుకోండి. చిన్న యాంప్ కూడా కావాలి. అట్టడుగు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ స్వరపు అలే ఎనిమిది మీటర్లు. అంత అలను జానెడు పెట్టె ఒంటరిగా గదంతా పరచలేదు.

పాటను మోసే స్వరం అని తలుచుకుంటే మా తాతగారి ఊరి పెళ్లిళ్లు గుర్తొస్తాయి. సన్నాయి మేళంలో ఒత్తు పట్టే కుర్రాడు ఒకడుండేవాడు. పదమూడేళ్లుంటాయేమో. ఒకటే స్వరం. ముక్కుతో గాలి పీలుస్తూ, బుగ్గల్లో దాచుకున్న గాలితో ఊదుతూ, గంటల తరబడి తెగనిచ్చేవాడు కాదు. పెద్ద సన్నాయి ఆయన రాగం ఎంత దూరం తీసుకెళ్లినా తిరిగి దిగింది ఆ స్వరం మీదకే. ముహూర్తం వేళ గట్టిమేళం హోరులోనూ వాడు ఆపలేదు. శాలువా పెద్దాయనకి కప్పారు. డోలు ఆయనకి పంచె పెట్టారు. చివరి బంతిలో వాడు కూర్చునేసరికి బూరెలు అయిపోయాయి. మా అమ్మమ్మ లోపలికెళ్లి మా కోసం దాచిన రెండూ తెచ్చి వాడి ఆకులో వేసింది. అప్పుడు ఏడ్చాను. ఇప్పుడైతే ఏడవను.

మీ ఇంట పెళ్లికి మేళం వస్తే, ఒత్తు పట్టే మనిషికి మొదటి బంతిలో ఆకు వెయ్యండి.