ఎర్రగడ్డకి నిద్దరొచ్చే వేళ

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో దాన్ని ఏమంటారు? ఉల్లిపాయ అంటే మీరు కోస్తావాళ్లు. ఉల్లిగడ్డ అన్నారా, తెలంగాణ. ఎర్రగడ్డ అన్నారంటే మాత్రం నేనిప్పుడు ఉంటున్న వైపు మనుషులే. నేను పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెం దగ్గర. అక్కడి ఉల్లి మార్కెట్టు సంగతి మీకు తెలిసే ఉంటుంది. లారీల్లోంచి దిగే బస్తాలు, బస్తాల మీద కూర్చుని బేరాలాడే వ్యాపారులు, రోడ్డంతా ఎగిరే పొట్టు, ఇవన్నీ చూస్తూ పెరిగాను. కానీ బస్తాలోకి ఎక్కేముందు ఉల్లిపాయ ఎలా ఉంటుందో అరవై ఏళ్లు నిండేదాకా చూడలేదంటే నమ్ముతారా?

రిటైరయ్యాక అబ్బాయి దగ్గరికి కర్నూలు వచ్చాం. ఇంటి వెనక కాస్త జాగా ఉంది. చేతులు ఊరుకోవు కదా, రెండు మళ్లు కట్టాను. సరిగ్గా అప్పుడే చికాగో నుంచి మా అన్నయ్య కూతురు వచ్చింది. "బాబాయ్, నీకోసం ఉల్లి విత్తనాలు తెచ్చా" అని ఓ పొట్లం చేతిలో పెట్టింది. పొట్లం మీద బొమ్మలో ఉల్లిపాయ చిన్న కొబ్బరికాయంత ఉంది. నాకు నోరూరింది. నారు పోశాను, నాటాను. ఆకు మోకాలి దాకా వచ్చింది. ఏం పచ్చదనం! వీధిలో వాళ్లని పిలిచి మరీ చూపించాను. సంక్రాంతి వెళ్లింది, శివరాత్రి వెళ్లింది, ఉగాది పచ్చడి కూడా తిన్నాం. అడుగున మాత్రం గడ్డ లేదు. ఇవాళో రేపో ఊరుతుందని మే నెల దాకా నీళ్లు పోశాను. చివరికి మా ఆవిడ కొడవలి తీసుకుని వెళ్లి, మొత్తం కోసుకొచ్చి, పెసరపప్పు వేసి ఉల్లికాడల కూర చేసేసింది. కూర బాగుంది, అది వేరే సంగతి.

తప్పు నాదీ కాదు, విత్తనానిదీ కాదు. ఉల్లి పగలు లెక్కపెట్టుకునే మొక్క. ఎండ ఎన్ని గంటలు ఉందో చూసుకుని గాని గడ్డ కట్టడం మొదలుపెట్టదు. మన రకాలకి 11, 12 గంటల పగలు చాలు. చల్లటి దేశాల రకాలు 14 గంటలకు పైగా అడుగుతాయి. చికాగోలో జూన్ వస్తే పగలు 15 గంటలు దాటుతుంది. కర్నూల్లో ఏడాదిలోకెల్లా పొడుగైన పగలు కూడా 13 గంటలకు కాస్త అటూ ఇటూ. పాపం, అది ఎదురుచూసిన రోజు మా పెరట్లో ఎన్నటికీ రాదు. ఇదే లెక్కన మన బళ్లారి రకాన్ని అక్కడ వేసవి ముందు నాటితే, మొక్క ఎదగకుండానే తొందరపడి గోళీకాయంత గడ్డ కట్టి ఊరుకుంటుంది. అందుకని, విదేశాల్లో ఉన్న పిల్లలకి ఆవకాయ పంపండి, గోంగూర పంపండి, ఉల్లి విత్తనం మాత్రం అటునించి ఇటు, ఇటునించి అటు వద్దు.

రెండో ఏడు బుద్ధిగా ఇక్కడి విత్తనమే తెచ్చాను. కార్తీక మాసంలో నారు పోశాను. నవ్వకండి. ఉల్లి ముట్టని నెలలో ఉల్లి విత్తడం ఏమిటని మా ఆవిడా అంది. నోట్లో వేసుకోకూడదన్నారు గానీ మట్టిలో వేయకూడదని ఎవరన్నారు? నెలన్నరకి నారు అందుకుంది, సంక్రాంతికి ముందే నాటాను. రెండు మళ్లూ కలిపి రెండొందల మొక్కలు.

శివరాత్రి నాటికి గడ్డలు పైకి తేలాయి. ఉల్లి లోపల దాక్కోదు. ఊరుతున్నకొద్దీ మట్టిని పక్కకి నెట్టి, భుజాలు బయటపెట్టి కూర్చుంటుంది. ఎర్రగా, నిగనిగలాడుతూ, గుప్పెటకి సరిపడా. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఒక పొద్దున్నే కూర్చుని నలభై దాకా పీకేశాను.

మా గోడకి అవతల ఒకావిడ ఉంటుంది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను సారూ అంటుంది. చిన్నప్పటినుంచీ చుట్టుపక్కల పల్లెలకి ఎర్రగడ్డ కోతలకి పోయిన మనిషి. గోడ మీంచి చూసింది.

"ఏంది సారూ, అప్పుడే పెరికేస్తాండారు?"

"ఎర్రబడ్డాయి కదక్కా."

"ఎర్రబడితే? మా కోడలి చీర గూడా ఎర్రగుంది. మెడ చూసినారా?"

మెడ ఏమిటో నాకు తెలీదు. ఆమె గోడ దాటి వచ్చి, మడిలో ఇంకా నిలబడి ఉన్న మొక్క ఒకటి చూపించింది. గడ్డకీ ఆకులకీ మధ్య రెండంగుళాల సన్నటి చోటు, అదీ మెడ. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కింది. "సూడండి, చెరుకుగడ మాదిరి ఉంది. దీనికింగా నిద్దర రాలా. వస్తే అదే పండుకుంటాది."

సరే అన్నాను గానీ, పీకినవాటిని తిరిగి నాటలేను కదా. ఆకులతో సహా కట్టలు కట్టి వసారాలో వేలాడదీశాను. ఇక మిగిలిన నూట అరవై సంగతి. వాలాలి అంది కదా, ఎప్పటిదాకా చూస్తాం? సాయంత్రం అక్క లేని సమయం చూసి, మెడ దగ్గర చేత్తో వంచుకుంటూ పోయాను. రెండు మళ్లూ గాలివాన కొట్టినట్టు పడుకున్నాయి. నాకెంత తృప్తో!

మర్నాడు అక్క చూసింది. తిట్టలేదు. "బిడ్డను మంచం మీదికి తోస్తే నిద్దరపోతాడా సారూ?" అంది, అంతే.

మూడు వారాలు తిరక్కుండా వసారాలో వాసన మొదలైంది. పైన గడ్డ బాగానే ఉంది, మెడ దగ్గర నొక్కితే వేలు లోపలికి దిగుతోంది. కొన్నింటి పొర కింద మసి పూసినట్టు నల్లబూజు. కొన్ని పచ్చటి మొలకలు వేసి నన్ను వెక్కిరించాయి. నేను వంచినవాటి గతీ దాదాపు అదే. మెడ నలిగిన చోట తడి నిలిచింది, తెగులుకి తలుపు తీసి పెట్టినట్టయింది. "మీ పంట బాగా పండిందని వీధి చివరిదాకా తెలిసిపోతోంది" అని మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డుపెట్టుకుంది.

అప్పుడు కూర్చుని ఒక పచ్చి మెడనీ, బాగా పండిన మెడనీ (అక్క తన చుట్టాల పొలం నుంచి తెప్పించింది) అడ్డంగా కోసి పక్కపక్కన పెట్టి చూశాను. మీరూ ఒకసారి చూడండి, దీనికి చదువక్కర్లేదు. పచ్చిదాంట్లో వలయం లోపల వలయం, లోపల ఇంకో వలయం, నట్టనడుమ సూదిలాంటి లేత ఆకు. అరటి బోదె గుర్తొస్తుంది. అరటికి నిజమైన కాండం పైకి లేనట్టే ఉల్లికీ లేదు, ఆకుల తొడుగులే ఒకదాన్నొకటి కప్పుకుని కాండంలా నిలబడతాయి. కొత్త ఆకు ఎప్పుడూ ఆ నడిమి గొట్టంలోంచే పైకి రావాలి. అది వస్తున్నంతకాలం మెడ నిండుగా, బిగువుగా ఉంటుంది. గడ్డ ఊరడం ముదిరాక మొక్క కొత్త ఆకులు పంపడం మానేస్తుంది, వచ్చేవన్నీ లోపలే పొరలుగా ఉండిపోతాయి. ఇక గొట్టంలో ఏమీ లేదు. పండిన మెడని కోస్తే నాకు కనిపించింది అదే: నడుమ ఖాళీ, చుట్టూ కాయితంలాంటి పల్చటి పొరలు. పైన చూస్తే అరడజను పెద్ద ఆకుల బరువు. ఇంకెలా నిలబడుతుంది? చిన్న గాలి చాలు. గాలి కూడా అక్కర్లేదు.

అందుకే వాలిన ఉల్లిని చూసి దాహమేసిందనుకుని నీళ్లు పోసేవాళ్లని చూస్తే నాకు జాలి. (రెండేళ్ల కిందటైతే నేనూ పోసేవాణ్ణే.) అది సొమ్మసిల్లి పడలేదు, పని ముగించుకుని పడింది. వాలాక కూడా ఆకు పచ్చగానే ఉంటుంది, గమనించండి. ఆ పచ్చదనంలో ఉన్నదంతా ఇంకో వారం పాటు గడ్డలోకి దిగుతూనే ఉంటుంది. కాబట్టి మొదటి మొక్క వాలగానే పలుగు పట్టుకుని పరిగెత్తొద్దు. నాలుగైదు వాలడం కనిపించగానే నీళ్లు ఆపేయాలి. మడిలో సగం వాలాక వారం ఆగి పెరకాలి. అన్నీ వాలాలి, అన్నీ ఎండాలి అని మరీ కూర్చున్నా ముప్పే. పై పొర పగులుతుంది, అకాలంలో ఒక్క జల్లు పడితే కొత్త వేళ్లు వేసి మళ్లీ లేచి కూర్చుంటుంది.

ఇదంతా యాసంగి పంట మాట. వానాకాలం ఉల్లి దగ్గరికి వెళ్లి ఈ మెడ శాస్త్రం చెప్పకండి, అది వినదు. తేమా వెచ్చదనమూ ఉన్నంతకాలం అది పెరుగుతూనే ఉంటుంది, మెడ దానంతటది సరిగా వాలదు. కర్నూలు చుట్టుపక్కల రైతులు ఆ పంటని ఆకుకొన పసుపూ గడ్డ రంగూ చూసి పెరుకుతారు. ఖాళీ డ్రమ్ము దొర్లించి ఆకుని పడేసే పద్ధతి కూడా ఉంది. నేను చేత్తో చేసింది అదే కదా అని అక్కతో వాదించబోయాను. "అది వానాకాలం సారూ, ఇది వేరే" అని కొట్టిపారేసింది. అయినా అసలు గుర్తు ఇంకోటుందని అక్కే చెప్పింది: మార్కెట్ యార్డులో ధర. ధర ఉన్న వారం గడ్డ పచ్చిదైనా పెరుకుతారు, ధర లేని వారం పండిందైనా మట్టిలోనే ఉంటుంది. అప్పుచేసి పంట పెట్టినవాడు మెడ నొక్కి చూస్తూ కూర్చోలేడు. పెరటివాడికే ఆ భాగ్యం.

ఇంకోటి మరిచిపోయాను. ప్రతి మడిలోనూ పది మొక్కలు గుండ్రటి గట్టి కాడ ఒకటి పైకి లేపి, కొసన తెల్లటి పూలబంతి పెట్టుకుని నిలబడతాయి. అందంగా ఉంటాయి. నాటినప్పుడు నారు ముదురైనా, చలి ఎక్కువ తగిలినా అలా అవుతుంది. వాటి కోసం ఎదురుచూడటం దండగ, అవి ఎన్నటికీ వాలవు. గడ్డ నడుమ పుల్లలాంటి కాడ ఉంటుంది, నిలవ ఉండదు. ముందు వాటినే పీకి వండేసుకోండి.

మూడో ఏడు నేను మడి గట్టు మీద పీట వేసుకుని కూర్చున్నాను. మార్చి నెల చివర, ఎండ ముదురుతోంది. రోజూ పొద్దున లెక్క. ఏడు వాలాయి. మర్నాడు పందొమ్మిది. ఆ తర్వాత రెండు రోజులు ఒక్కటీ లేదు. నాకు మళ్లీ వేళ్లు దురద పెట్టాయి, జేబుల్లో పెట్టుకున్నాను. ఉగాది దాటిన రెండో రోజు చూద్దునా, సగానికి పైగా ఒకే వైపు తలలు వాల్చి పడుకున్నాయి, పడమటి గాలి ఎటు తోస్తే అటు.

వారం ఆగాను. పెరికాక అక్కే దగ్గరుండి మడి మీదే పరిపించింది. ఒక వరస గడ్డలు, వాటి మీద తర్వాతి వరస ఆకులు, తాటాకు ఇల్లు కప్పినట్టు. గడ్డకి నేరుగా ఎండ తగిలితే ఉడికిపోతుందట, ఆకు నీడలోనే ఆరాలి. నాలుగు రోజులయ్యాక కొడవలి బోర్లించి కాలి కింద అదిమిపెట్టి, అంగుళం మెడ ఉంచి ఆకు కోసింది. అంతకన్నా దగ్గరగా కోస్తే గాయం మానదు. పది రోజులు వసారా నీడలో పల్చగా పరిచాం. గుప్పెట్లోకి తీసుకుంటే పొట్టు గలగలమంటోంది.

ఎత్తిపెట్టే రోజు అక్క మళ్లీ వచ్చింది. గోనె మీద కూర్చుని ఒక్కొక్కటే తీసి మెడని వేళ్ల మధ్య నలిపి చూస్తోంది. పొడిగా కరకరమంటే కుడివైపు బుట్టలోకి. లోపల కాస్త జారినట్టు, తడి తగిలినట్టు అనిపిస్తే ఎడమవైపుకి విసురు. నా కంటికి రెండూ ఒకటే. ఒకటి తీసుకుని నేనూ నలిపాను, బాగుందనిపించి బుట్టలో వేశాను. ఆమె నా వైపు చూడకుండానే దాన్ని తీసి ఎడమవైపుకి విసిరింది.

అలా తేలినవి పదకొండు. ఆ రాత్రి మా ఇంట్లో ఉల్లిపాయ పులుసు, గిన్నెడు గోడ అవతలికి.