పచ్చలు చెల్లే పల్లె

ఏ యాత్రకు బయలుదేరినా ముందుగా రైలు టిక్కెట్టు, మంచినీళ్ళ సీసా, మా అమ్మ కట్టి ఇచ్చే పులిహోర పొట్లం సిద్ధం చేసుకోవడం నాకు అలవాటు. పోయిన దసరా సెలవులలో చేసిన యాత్రకు మాత్రం ఇవేవీ కావలసి రాలేదు. ఇంటి ముందుగదిలో కుర్చీలో కూర్చునే వెళ్ళివచ్చాను. దారి చూపినది తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి. ఊరు కంప్యూటరులో ఉన్నది.

"ఇదేమి యాత్రండీ!" అని మీరు నవ్వవచ్చును. మొదట నేనూ నవ్వినవాడినే.

ఆ లోకం పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశంలో మార్కస్ పెర్సన్ అనే ఆయన దానిని 2009లో మొదటిసారి జనం ముందు పెట్టాడు. 2011 నవంబరు నాటికి అది పూర్తి రూపం దాల్చింది. 2014లో మైక్రోసాఫ్టు కంపెనీ ఆ ఆటను, దానిని తయారు చేసే సంస్థను కలిపి 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయట! ఇందులో గెలుపు ఓటములు ముఖ్యం కావు. చెట్లు నరకవచ్చు, గనులు తవ్వవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. అక్కడ కొండలు, చెట్లు, ఆవులు అన్నీ ఇటుకలు పేర్చినట్లు ఉంటాయి. ఆఖరికి సూర్యుడు కూడా చదరమే. పగలూ రాత్రీ కలిసి 20 నిమిషాలలో ముగిసిపోతాయి.

గడ్డి మైదానం దాటి, ఏరు దాటి వెళ్ళగా ఒక పల్లె కనిపించింది. కొయ్య ఇళ్ళు, గోధుమ చేలు, నడుమ ఒక గంట. ఆ పల్లె చుట్టూ మా అమ్మాయి గోడ కట్టించి, గేటు పెట్టించి, దివిటీలు నిలిపింది. ఊరివాళ్ళు చేతులు రెండూ అంగీ చేతులలో దూర్చుకుని, ఏదో దీర్ఘాలోచనలో ఉన్నట్లు తిరుగుతున్నారు. వెనుకనుంచి మా అమ్మ తొంగిచూచి, "ఆ ముక్కులేమిట్రా, వంకాయల్లాగ!" అన్నది. నిజమే. ముక్కు పెద్దది, కనుబొమ రెండు కళ్ళకూ కలిపి ఒక్కటే.

వేషాన్నిబట్టి వృత్తి చెప్పవచ్చు. గడ్డి టోపీవాడు రైతు. టోపీకి ఈక, వీపున బాణాలు ఉన్నవాడు బాణాలు చేసేవాడు. కళ్ళజోడు పెట్టుకుని, నెత్తిమీద పుస్తకం బోర్లించుకున్నవాడు గ్రంథపాలకుడు. ఎవరి పనిముట్టు వారికి దగ్గరలో ఉండాలి. రైతుకు ఎరువు తొట్టి, గ్రంథపాలకునికి పుస్తకం ఆనించే పీఠం. అచ్చంగా మన వ్యాసపీఠమే! ఆకుపచ్చ చొక్కా వేసుకున్న ఒకాయన మాత్రం ఏ పనీ నేర్చుకోడట. బేరానికి పోతే తల అడ్డంగా ఆడిస్తాడు. అటువంటి పెద్దమనిషి లేని ఊరు ఎక్కడ ఉన్నది?

వీళ్ళ నాణెం పచ్చ. మన ఉంగరాలలో పొదిగే పచ్చే. రైతుకు 20 గోధుమ కట్టలు ఇస్తే ఒక పచ్చ ఇస్తాడు. అదే పచ్చ తిరిగి ఇస్తే ఆరు రొట్టెలు ఇస్తాడు. బాణాలవాడు 32 పుల్లలకు ఒక పచ్చ ఇస్తాడు. "ఒక దుంగకు ఎనిమిది పుల్లలు వస్తాయి నాన్నా. నాలుగు దుంగలు కొడితే ఒక పచ్చ!" అని మా అమ్మాయి లెక్క చెప్పింది. బడిలో లెక్కలంటే తలనొప్పి అనే పిల్ల! గ్రంథపాలకుడు 24 కాగితాలకు ఒక పచ్చ ఇస్తాడు. ఆ కాగితం చేసేది చెరకుతో. గోదావరి జిల్లావాడిని, చెరకు గడలను చూడగానే ప్రాణం లేచివచ్చింది.

బేరమాడుదామంటే మాటలు లేవు. వాళ్ళ భాషలో ఉన్నది ఒక్కటే శబ్దం, "హుఁ". ఇరవై ఏళ్ళుగా వ్యాకరణం చెబుతున్న నాకు ఇంత సంక్షేపమైన భాష ఇంకొకటి తగలలేదు. కాని వాళ్ళకు కావలసిన సరుకు మన చేతిలో కనబడితే చాలు, బదులుగా ఇచ్చేది పైకి తీసి చూపిస్తారు. ఒకే సరుకు పదేపదే అమ్మితే ఇక చాలంటారు. పనిముట్టు దగ్గరకు వెళ్ళి కాసేపు పని చేసుకున్న తరువాతే మళ్ళీ కొంటారు. 2012లోనే ఈ వర్తకం వచ్చినా, పనిముట్టును పట్టి వృత్తి రావడం, మంచి చెడ్డలు గుర్తుంచుకోవడం వంటివి 2019 మార్పులతో వచ్చాయట.

ఆ గుర్తుంచుకోవడం నాకు మొదటి గంటలోనే అనుభవానికి వచ్చింది. మీట ఒకటి నొక్కబోయి ఒకటి నొక్కి రైతును ఒక దెబ్బ కొట్టాను. పాపం, ఎర్రబడి పరుగెత్తాడు. తరువాత వెళితే గోధుమలు మునుపటికంటె ఎక్కువ అడిగాడు. "వాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకుంటారు నాన్నా. మిగతావాళ్ళు కూడా కాస్త ధర పెంచుతారు" అన్నది అమ్మాయి. మన రచ్చబండే! అయితే చిన్న తప్పులు ఒకటి రెండు రోజులలో మాసిపోతాయని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను.

అసలు కథ ఆ తరువాత జరిగింది. మా అమ్మాయి అన్నింటికంటె కోరుకున్నది ఒక గ్రంథం. పనిముట్లు అరిగినకొద్దీ వాటిని బాగుచేసే మంత్రం అందులో ఉన్నదట. గ్రంథపాలకుడు దానికి 22 పచ్చలు, పైన ఒక మామూలు పుస్తకం అడిగాడు. ఆ పచ్చల కోసం నేను ఏటి ఒడ్డున చెరకు కోయడానికి వెళ్ళాను. వెళుతూ గేటు మూయలేదు.

ఆ లోకంలో చీకటి పడితే నడిచే శవాలు లేస్తాయి. మా అమ్మాయి ఎంచుకున్నది కష్టమైన స్థాయి. అందులో వాటి చేతిలో పడిన పల్లెవాడు తానూ శవమై తిరుగుతాడు. నేను చెరకు మోపుతో తిరిగి వచ్చేసరికి గ్రంథపాలకుడు ముఖం ఆకుపచ్చబడి, చేతులు చాచి, నామీదికే వస్తున్నాడు. నెత్తిమీద పుస్తకం మాత్రం అలాగే ఉన్నది!

"గేటు ఎవరు తీశారు?" అన్నది అమ్మాయి. "ఏమో తల్లీ, అదే తెరుచుకున్నదేమో" అన్నాను. మాట నోటినుంచి రావడానికి క్షణం పట్టలేదు.

అమ్మాయి కంగారుపడలేదు. తెల్లవారితే ఎండకు మండిపోతాడని నాలుగు ఇటుకలు పేర్చి అతనిమీద నీడ కట్టింది. ఒంట్లో నీరసం తెచ్చే మందు బుడ్డి అతనిమీద విసిరి, ఎనిమిది బంగారు కడ్డీలతో చేసిన ఆపిలు పండు తినిపించింది. అతను గజగజ వణికాడు. నాలుగైదు నిమిషాలు ముగ్గురమూ, మా అమ్మతో సహా, గుడ్లప్పగించి చూచాము. ఆఖరుకు వణుకు ఆగింది. మునుపటి ముఖం వచ్చింది. "హుఁ" అన్నాడు.

"ఇప్పుడు మీరు ధర చూడండి" అన్నది అమ్మాయి, నవ్వుతూ. 22 పచ్చల గ్రంథం ఒక్క పచ్చ!

ప్రాణం పోసినవారికి వాళ్ళు ఇచ్చే తగ్గింపు అది. కొట్టిన దెబ్బ మాసిపోతుంది గాని ఈ మేలు మాత్రం ఎన్నాళ్ళకూ మాసిపోదట. దీనికోసమే కొందరు ఆటగాళ్ళు కావాలనే పల్లెవాళ్ళను శవాల పాలు చేసి, ఆపైన బ్రతికించి, చవకగా కొంటారట. గేటు ఎవరు తెరిచి ఉంచారో ఆ అమాయకునికి ఏమి తెలుసు?

"కొనండి నాన్నా, ఆలోచిస్తారేం?" అన్నది అమ్మాయి. చేయి కదలలేదు. ఇటువంటి తగ్గింపు ధర నేను ఇదివరకే ఒకసారి పుచ్చుకున్నాను.

పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను పని చేస్తున్న కళాశాలలో ఉపకారవేతనాల దరఖాస్తులు నాకు అప్పగించారు. ఒక రైతు కొడుకు దరఖాస్తును నేను చదువుతున్న పుస్తకంలో పెట్టి మరచిపోయాను. గడువు దాటిపోయింది. తండ్రి వచ్చి కన్నీళ్ళు పెట్టుకుంటే, "కాగితం ఎక్కడో తప్పిపోయింది, నేను చూస్తానుగా" అన్నాను. రెండు వారాలు ఆఫీసుల చుట్టూ తిరిగి డబ్బు మంజూరు చేయించాను. నాటినుంచి నేటివరకు ప్రతి వేసవిలోనూ వాళ్ళ ఊరినుంచి ఒక బుట్ట రసాలు వస్తూనే ఉన్నాయి. "మా వాడికి దారి చూపిన దేవుడు" అని ఆ ముసలాయన అన్నప్పుడల్లా నేను నవ్వి ఊరుకునేవాడిని. పండు మాత్రం గొంతు దిగేది కాదు.

"అమ్మడూ, గేటు తీసి ఉంచినది నేనే" అన్నాను.

"తెలుసు నాన్నా. మీరు తప్ప ఇంకెవరున్నారు?" అన్నది అది, చాలా మామూలుగా.

గ్రంథం ఒక పచ్చకే కొన్నాము. ఎక్కువ ఇవ్వడానికి అక్కడ వీలు లేదు. మిగిలిన 21 పచ్చలు అతని పాదాల దగ్గర వేశాను. అతను వాటివంక చూడనైనా లేదు. ఐదు నిమిషాలు నేలమీద ఉండి మాయమైపోయాయి. రొట్టె వేస్తే మాత్రం తీసుకున్నాడు. మా అమ్మాయి తల కొట్టుకున్నది. "ఇరవయ్యొక్క పచ్చలు! అతనికి ప్రాణం లేదు నాన్నా, అంతా లెక్క!"

"అతనికి లేకపోతే పోనీ, నాకు ఉన్నది గదా" అన్నాను.

ఆ రాత్రి ఆ రైతు కొడుక్కు ఫోను చేశాను. ఇప్పుడు అతను ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. పుస్తకంలో కాగితం సంగతి మొదటినుంచి చివరివరకు చెప్పాను. చాలాసేపు అవతలినుంచి మాట లేదు. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"ఆ రెండు వారాలు నాన్న అన్నం తినలేదండి" అన్నాడు, చివరకు. మళ్ళీ కొంచెం ఆగి, "మీరు తిరిగిన మాట కూడా నిజమే గదండీ. నాన్నతో నేను చెబుతాను. అయితే మాష్టారూ, ఈ వేసవికి కాయలు పంపమంటారా, మానమంటారా?" అన్నాడు.

"పంపు నాయనా. ఈసారి మాత్రం ధర ఇచ్చి పుచ్చుకుంటాను" అన్నాను.

దానికి అతను ఒప్పుకోలేదు. బేరం ఇంకా తెగలేదు.