ఫిరంగిని లాగిన బండి

రెండో ప్రపంచ యుద్ధం ఫొటోలు తిరగేసేవాళ్లకు జర్మన్ల 88 మిల్లీమీటర్ల ఫిరంగి బాగా పరిచయం. విమానాలను కూల్చడానికని చేసిన ఆ ఫిరంగి ట్యాంకులను కూడా చీల్చేసింది. నా చూపు మాత్రం ఎప్పుడూ దాని ముందున్న బండి మీదే ఆగేది. ముందు లారీ చక్రాలు, వెనక ట్యాంకుకుండే పట్టాలు. హాఫ్‌ట్రాక్.

సైన్యం లెక్కల్లో దాని పేరు ఎస్‌డి కెఎఫ్‌జెడ్ 7. 1930ల్లో మ్యూనిక్‌లోని క్రౌస్ మఫాయ్ కంపెనీ రూపొందించింది. ఆరు సిలిండర్ల మేబాక్ పెట్రోల్ ఇంజన్, 140 హార్స్‌పవర్. ఫిరంగి ఒక్కటే దాదాపు 7 టన్నులు. దాన్ని వెనక తగిలించుకుని, గుళ్లనూ పదిమందికి పైగా సిపాయిలనూ ఎక్కించుకుని వెళ్లేది. వరుసగా బెంచీలు, పైన కాన్వాసు టాపు. యుద్ధం సాగినన్నాళ్లూ ఆ సిపాయిలకు అదే ఇల్లు.

దాని పట్టాల్లోని చక్రాలను దగ్గరగా చూడాలి. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా పేర్చారు. బరువు పట్టా పొడవునా సమంగా పరుచుకుంటుంది, మెత్తటి నేలలోనూ బండి తేలిగ్గా దిగబడదు. పట్టాలో ప్రతి ముక్కకూ రబ్బరు మెత్త, కీలు కీలుకూ నూనె. స్టీరింగ్ కొంచెం తిప్పితే ముందు చక్రాలే మలుపు తీసుకునేవి. ఇంకా తిప్పితే ఆ వైపు పట్టాకు బ్రేకు పడి బండి గిర్రున తిరిగేది. ఇంత అందమైన పనితనాన్ని మనుషుల్ని చంపే పనికి ధారపోశారే అని నాకు ఇప్పటికీ బాధ.

రష్యా చలి ఆ పనితనాన్ని ఓడించింది. పగలు చక్రాల సందుల్లో ఇరుక్కున్న బురద రాత్రికి గడ్డకట్టేది, తెల్లారి బండి కదిలేది కాదు. లోపలి చక్రం ఒకటి పాడైతే ముందు బయటివి ఊడదీయాలి. ఆ చలిలో ఇనుము పట్టుకుని పనిచేసిన చేతుల గురించి ఏ యుద్ధ చరిత్రా పెద్దగా రాయదు.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. 1941 జూన్‌లో ఈజిప్టు సరిహద్దున హల్‌ఫాయా కనుమ మీదికి వెళ్లిన బలగాల్లో 4వ భారత డివిజన్ సైనికులున్నారు. అక్కడ ఇసుకలో గుంటలు తవ్వి కాచుకున్న ఈ 88 ఫిరంగులే బ్రిటిష్ మటిల్డా ట్యాంకులను వరసపెట్టి తగలబెట్టాయి.

యుద్ధం ముగిశాక అన్ని చక్రాలకూ ఇంజను బలం అందే లారీలు ఇదే పనిని తక్కువ ఖర్చుతో, తక్కువ మరమ్మతుతో చేసిపెట్టాయి. హాఫ్‌ట్రాక్ అవసరం తీరిపోయింది. వేలల్లో తయారైన ఆ బండ్లలో ఇప్పుడు మిగిలినవి కొన్నే. ఎప్పుడైనా యూరప్‌లో ఏ సైనిక మ్యూజియానికైనా వెళ్తే 88 ఫిరంగి ముందు ఫొటో దిగి వచ్చేయకండి. దాన్ని లాగిన బండి అక్కడ ఉందేమో అడగండి, ఉంటే వంగి ఆ చక్రాలను ఒకసారి చూడండి.