పొద్దున దవాఖానా, రాత్రి ఆర్‌ఎంపీ

బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో రైలెక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. బోరబండ బస్తీల్లో ఉండేవాళ్లు ఎంతోమంది అటువైపు ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో ఊడ్చి, వండి, కాపలా కాసి వస్తారు. ఒంట్లో బాగాలేనప్పుడు మాత్రం వీళ్లు పోయే చోటు వేరు, ఆ ఆఫీసులవాళ్లు పోయే చోటు వేరు. జ్వరమో, బీపీనో, షుగరో ఉన్నప్పుడు ఎవరు ఎక్కడికి పోతున్నారో చూద్దామని బయల్దేరాను.

ముందు బస్తీ దవాఖానాకు వెళ్లాను. ఢిల్లీ మొహల్లా క్లినిక్‌ల తరహాలో హైదరాబాద్‌లో 2018లో వీటిని మొదలుపెట్టారు. ఐదు నుంచి పది వేల జనాభాకు ఒకటి ఉండాలన్నది లెక్క. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు ఉంటారు. నేను చూసింది కమ్యూనిటీ హాలును ఆనుకుని ఉన్న రెండు గదుల దవాఖానా. తొమ్మిదిన్నరకే బెంచీలు నిండాయి. నర్సు బీపీ చూసి చీటీ మీద రాసి లోపలికి పంపుతోంది. రక్తం తీసిన గొట్టాలు ఒక పెట్టెలో సర్ది ఉన్నాయి. అవి తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పోతాయి, రిపోర్టు ఫోనుకు వస్తుంది. పైసా తీసుకోరు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఒక ముసలమ్మను కూర్చోబెట్టి, "ఉప్పు తగ్గించినవా అమ్మా?" అని అడిగింది. "తొక్కు లేకుంటే ముద్ద దిగది బిడ్డా" అందామె. "సరే, తొక్కు సగం చెయ్యి, గోలీ మాత్రం ఆపకు" అని చెప్పి నెలకు సరిపడా మాత్రలు రాసిచ్చింది. ఆ ముసలమ్మ పాత చీటీలన్నీ ప్లాస్టిక్ కవరులో దాచుకుని తెచ్చింది. డాక్టరు వాటిని ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఆరోగ్యం విషయంలో మనిషికి కావలసింది ఇదే. తన సంగతి తెలిసిన ఒక డాక్టరు, నెలనెలా అదే గడప.

బెంచీల మీద ఉన్నవాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లు, పిల్లలు, పెద్దవయసు వాళ్లు. పనిచేసే వయసు మగవాడు ఒక్కడే కనిపించాడు, అతనిదీ విరిగిన చెయ్యి. ఎందుకిలా అని నర్సును అడిగాను. "మొగోళ్లు పొద్దుగాలనే అడ్డా మీదికి పోతరు సార్. వాళ్లొచ్చేసరికి మేం తాళమేస్తం" అంది. ఈ దవాఖానా పనివేళలు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు.

రాత్రి ఎనిమిదింటికి అదే వీధిలో షట్టరు గదిలో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్తే, పొద్దున కనిపించని మగవాళ్లంతా అక్కడున్నారు. సిమెంటు దుమ్ము ఇంకా కడుక్కోని చేతులు, నడుం నొప్పులు, దగ్గు. ఆయన ఎంబీబీఎస్ చదవలేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి ఇక్కడ కూర్చున్నాడు. ఒక సూది, రెండు రోజుల గోలీలు, నూటయాభై రూపాయలు. లేకపోతే నోటుబుక్కులో రాసుకుంటాడు.

పాలమూరు నుంచి వచ్చి మేస్త్రీ దగ్గర పనిచేసే ఒకాయన లెక్క చెప్పాడు. "దవాఖానాల ఫ్రీనే అన్నా, కాదంటలేను. పొద్దుగాల ఎనిమిదింటికి అడ్డా మీద లేకుంటే ఆ దినం కూలి పోయినట్టే. ఎనిమిది వందలు. ఈయనకు నూటయాభై ఇస్తే రాత్రికే అయిపోతది." బీపీ ఉందని ఆయనకు ఎప్పుడో చెప్పారట. తల బరువెక్కినప్పుడు మాత్రమే మాత్ర వేసుకుంటాడు. ఇంటి ఖర్చు ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఉచిత వైద్యానికి ఎనిమిది వందలు, సూదికి నూటయాభై. ఆయన చవకైనది ఎంచుకున్నాడు.

ఆర్‌ఎంపీని నేను మెచ్చుకోలేను. అవసరం లేని యాంటీబయాటిక్, నొప్పి తగ్గిందనిపించే స్టెరాయిడ్ సూది మనిషిని లోపల దెబ్బతీస్తాయి. అయినా షట్టరు మూయిస్తే చాలు, పని అయిపోయిందనుకోవడం తప్పు. రాత్రి ఎనిమిదింటికి ఆ మనుషులకు ఇంకో చోటు చూపించాలి కదా.

వీళ్లకు ఒక మెట్టు పైన ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కార్డు ఉన్నవాళ్లు. సనత్‌నగర్‌లో పెద్ద ఈఎస్ఐ ఆసుపత్రి ఇక్కడికి దగ్గరే. ఒక సెక్యూరిటీ సూపర్‌వైజరు తన తల్లికి షుగర్ మందులు అక్కడి నుంచే తెచ్చుకునేవాడు. అతనికి జీతం పెరిగి ఇరవై రెండు వేలు దాటింది. ఈఎస్ఐకి జీతం పరిమితి 2017 నుంచీ నెలకు 21,000 రూపాయలే. కార్డు పోయింది. పెరిగిన జీతంలో ఎక్కువ భాగం ఇప్పుడు తల్లి మందులకే పోతోంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు అసలు ఈఎస్ఐ వర్తించదు.

హైటెక్ సిటీలో నాకు తెలిసిన ఒక ఉద్యోగి ఉన్నాడు. కంపెనీ బీమా, ఏటా పూర్తి పరీక్షలు, ఫోనులోనే డాక్టరు. తన షుగరు ఏ నెలలో ఎంత ఉందో ఏళ్ల తరబడి లెక్క చూపించగలడు. వాళ్లింట్లో వంట చేసే ఆమెది బోరబండ. ఆమె షుగరు ఎంతో ఆమెకు తెలియదు. ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం ఎన్నో ప్రాణాలు కాపాడింది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్లకు. మేస్త్రీ దగ్గరి ఆ మనిషికి రేపు బీపీ వల్ల కిడ్నీ చెడితే డయాలసిస్‌కు ప్రభుత్వం డబ్బు కడుతుంది. ఈరోజు కొద్ది రూపాయల మాత్ర తీసుకోవడానికి అతనికి వీలయ్యే వేళకు దవాఖానా గడప తెరిచి ఉండదు. ఇది బోరబండ ఒక్కదాని సంగతి కాదు. దేశం మొత్తంలో 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం వచ్చిన జబ్బుల్లో ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకున్నవి దాదాపు 30 శాతమే. 2021-22లో దేశ ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబు నుంచి పెట్టుకున్నారు.

కూలీలుండే బస్తీల్లో వారానికి కొన్ని రోజులైనా దవాఖానా రాత్రి తొమ్మిది దాకా తెరవాలి. దానికి అదనపు డాక్టరును పెట్టాలి, ఉన్నవాళ్ల మీదే భారం వేయకూడదు. ఈఎస్ఐ పరిమితిని సవరించాలి. ఇవి ప్రభుత్వాలు చేయాల్సినవి. మీ ఇంట్లో పనిచేసే మనిషి ఉంటే, నెలకొక పూట జీతం కోయకుండా సెలవిచ్చి, బస్తీ దవాఖానాలో బీపీ, షుగరు చూపించుకుని రమ్మనండి. దానికి ఏ జీవో అక్కర్లేదు.